రాలిన పిక్కల చప్పుడు

ఆ రోజుల్లో నా చెవులంటే నాకు మహా గర్వంగా ఉండేది. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, అయిదారేళ్ళ కిందటివి. కానీ మొదటి ఉద్యోగం నాటి నన్ను తలచుకుంటే ఎవరో దూరపు బంధువుల పిల్ల గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.) విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ వాళ్ళు పెద్దవాళ్ళ కోసం వ్యాయామం ఆట తయారు చేస్తూ, అందులో వినిపించే చప్పుళ్ళూ, నడిపించే కథా నన్ను చూసుకోమన్నారు. కళ్ళకు పెద్ద గంతల్లాంటి హెడ్‌సెట్ తగిలించుకుంటే చుట్టూ వేరే లోకం కనిపిస్తుంది, చెవుల్లో ఆ లోకం వినిపిస్తుంది, అక్కడ చెప్పినట్టు చేతులు ఆడిస్తే ఇక్కడ ఒళ్ళు బాగుపడుతుంది. మూడు నెలలు చూస్తాం, పనికొస్తే ఉంచుతాం, లేకపోతే లేదన్నాడు మా బాసు. ఆ 'లేకపోతే' సంగతి మా ఇంట్లో ముందే తేలిపోయింది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే మా మావయ్య, మంచి పప్పు ఒకవైపు, విరిగింది మరోవైపు ఏరే బల్ల దగ్గర నాకో కుర్చీ అట్టేపెట్టాడు. కనిపించినప్పుడల్లా "నీ సీటు అలగే ఉందమ్మీ" అని పరామర్శించేవాడు కూడా.

ఆటను ఎవరి మీదైనా పరీక్షించాలి కదా, మా నాయనమ్మ దొరికింది. ఉద్దానంలో పుట్టి, ఉద్దానంలోనే మెట్టి, జీడితోటలోనే సగం జీవితం గడిపిన మనిషి. ఆవిడ కుడిభుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. రోజూ రెండు చేతులూ తల మీదకి ఎత్తమని టెక్కలి డాక్టరు చెప్పాడు. "ఊరికినే సేతులెత్తితే సూసినోలు ఏటనుకుంటారే?" అని ఆవిడ ఒక్కరోజూ ఎత్తలేదు. సరిగ్గా ఇలాంటి వాళ్ళకే మన ఆట అన్నాను బాసుతో. "అయితే గురువారం నేనే మీ ఊరొచ్చి చూస్తా. ఆవిడ పది నిమిషాలు చేతులెత్తి ఆడితే నీ ఉద్యోగం ఖాయం" అన్నాడు. ఆడకపోతే ఏమిటో అడగలేదు, మావయ్య ముఖం కళ్ళముందు కనిపించింది.

మొదట బారువ సముద్రం పెట్టాను. అలల చప్పుడు రెండు రోజులు అక్కడే కూర్చుని రికార్డు చేసిందే. నాయనమ్మ హెడ్‌సెట్ పెట్టుకుందో లేదో, అల వస్తున్న చప్పుడుకి చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పైకి పట్టుకుని నిలబడిపోయింది. ఇక చేతులు ఎక్కడ ఖాళీ? సరే, ఆవిడకి తెలిసిన చోటే మంచిదని మా జీడితోటనే ఆటలోకి దించాను. చెట్ల నిండా ఎర్రటి పండ్లు. 'చేయెత్తి పండు కోయండి' అనేది కథ. నా అసలు గొప్పంతా చప్పుళ్ళలో ఉంది. సీజను కావడంతో మూడు రోజులు ఎండుటాకుల్లో పడుకుని (చీమలు చేసిన సత్కారం వేరే చెప్పను) పండు రాలే చప్పుడు ఎన్ని రకాలుంటే అన్ని రకాలూ పట్టాను. ఎడమవైపు వెనకాల రాలితే సరిగ్గా ఎడమవైపు వెనకాలే వినిపిస్తుంది. అది విని నాకే ఒళ్ళు పులకరించింది.

సోమవారం వసారాలో పరీక్ష. కంపెనీ వాళ్ళు పంపిన గొంతు, ఇస్త్రీ చేసిన తెలుగులో, "అమ్మా, మీ కుడిచేతిని మెల్లగా పైకెత్తి, ఫలాన్ని అందుకోండి" అంది. అదే సమయంలో వెనకాల ఎక్కడో 'టప్' మంది. నాయనమ్మ గిరుక్కున తిరిగింది, కొంగు ఒడిలా దోపింది, వంగింది, లేని పిక్కల్ని (పండు కింద వేలాడే జీడిగింజని మా వైపు పిక్క అంటారు) గబగబా ఏరడం మొదలుపెట్టింది.

"నాయనమ్మా, పైకి! పైన పండుంది, కొయ్!"

"రాలింది వొదిలీసి సెట్టు మీదది కోత్తారేటే ఎవులైనా? పైదింకా పచ్చిది. పిక్క ముదరదు. బేగి ఏరకపోతే ఇంకెవులో ఎత్తుకుపోతారు."

పక్కింటి రైలు తాత (రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనాయన) తన వంతు రాగానే నేరుగా గొంతుక్కూర్చుని, ఆకులు కెలకడానికి కర్ర అడిగాడు. డాక్టరేమో వంగొద్దన్నాడు, మోకాళ్ళు పోతాయన్నాడు. నేను తల పట్టుకున్నాను. పండ్లు ఇంకా ఎర్రగా చేయించాను, గొంతు ఇంకా గట్టిగా పెట్టాను. నాయనమ్మ ఏరుతూనే, "ఆ మాటాడేది ఎవులే? తోట మనదా, ఆవిడదా?" అని నిలదీసింది. మంగళవారం కడుపు మండి, ప్రాణంలా పెంచుకున్న ఆ చప్పుళ్ళన్నీ తీసేశాను. నాయనమ్మ ఆ నిశ్శబ్దంలో నిమిషం నిలబడి, "ఇంకా సీజను రానేదు. ఇంటికెల్లిపోదాం" అని హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం మంచం మీద బోర్లాపడి ఏడ్చాను. ఏడుపేనా, సగం కోపం. తన తోటలో తన ఇష్టం అంటుందే తప్ప మనవరాలి ఉద్యోగం పోతుందని ఈ ముసలిదానికి లేదా అని అరిచాను. చింతపండు గింజలు తీస్తున్న మా అమ్మ తల ఎత్తకుండానే, "మీ నాయనమ్మ తోటలోన సేతులెత్తేది ఒక్కందుకే. కొమ్మ పట్టుకుని కుదపడానికి. ఆవిడ కుదిపీది, నాను వొంగి ఏరీదాన్ని. నాను కాపరానికి వొచ్చిన కాణ్ణించీ అదే. నా నడుం పోయింది అలగే" అంది. మూడు నెలలుగా నేను బుర్ర బద్దలు కొట్టుకుంటున్నది చింతపండు పళ్ళెం ముందు తేలిపోయింది. కొమ్మ కుదిపితేనే పండు రాలాలి, చప్పుడు అప్పుడే వినిపించాలి. రాలినవి ఏరడానికి వేరే మనిషుందని తెలిస్తేనే ఆవిడ వంగదు.

ఆ మనిషి ఎవరో చెప్పాలా? కిటికీలకు దుప్పట్లు కట్టి, అమ్మని మైకు ముందు కూర్చోబెట్టాను. "అత్తా, నువ్వు కుదుపు, నాను ఏరతాను", "పై కొమ్మ అత్తా", "ఏరతన్నానత్తా" అన్న మూడు ముక్కలూ ఇరవైసార్లు చెప్పించాను. ప్రతిసారీ తగువుకి వెళ్తున్నట్టే వచ్చింది.

"కొంచెం ప్రేమగా అమ్మా!"

"నాకు ఇలగే వొచ్చు. ఇట్టమైతే పెట్టుకో, నేకపోతే మానీ."

అదే పెట్టుకున్నాను.

గురువారం బాసు పలాసలో రైలు దిగి, ఆటోలో వచ్చి, వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. నాయనమ్మ హెడ్‌సెట్ పెట్టుకుంది. అమ్మ గొంతు వినగానే ముఖం మారిపోయింది. ఎడమచెయ్యి ఎత్తింది. కుడిచెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. "పై కొమ్మ అత్తా" అంది లోపలి కోడలు. నాయనమ్మ పళ్ళు బిగించింది. ఆ చెయ్యి చెవి దాటింది, కొప్పు దాటింది, గాలిని పట్టుకుని ఊపేసింది. టపటపా రాలాయి. "ఎనకాల రెండు వొదిలీసినావు, కళ్ళు కనపడవేటే?" అని కేకేసింది. "ఏరతన్నానత్తా" అంది గొంతు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అసలు కోడలు "అప్పుడూ ఇంతే" అని గొణిగింది. పది నిమిషాలన్నది పావుగంట దాటినా నాయనమ్మ ఆగలేదు. బాసు లేచి, ఉద్యోగం ఖాయమని నాతో చెయ్యి కలిపాడు.

హెడ్‌సెట్ తీశాక నాయనమ్మ కాసేపు ఉత్త వసారా కేసి చూస్తూ నిలబడింది. "తోటకెల్లి నాలుగేళ్ళయింది. పడిపోతావని ఎల్లనివ్వరు కదా మీరు" అంది నెమ్మదిగా. నాకు సిగ్గనిపించింది.

మర్నాటి నుంచి అమ్మ ఆవిడని చెయ్యి పట్టుకుని తోటకి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. దాంతో నాకు కొత్త చిక్కు. ఆవిడ ఆట ఎలా ఆడుతోందో వారం వారం కంపెనీకి రాసి పంపాలి, మా నాయనమ్మేమో హెడ్‌సెట్ వైపు చూడడమే మానేసింది. ఎంత ఒళ్ళు మండిందనుకున్నారు! ఉద్యోగం తెచ్చిపెట్టిన మనిషే ఆటని గాలికి వదిలేస్తే ఏం రాయను? హెడ్‌సెట్ చంకన పెట్టుకుని ఎండలో తోట దాకా నడిచి, "నాయనమ్మా, పది నిమిషాలు ఆడు, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. ఆవిడ రెండు చేతులా కొమ్మ పట్టుకుని ఉంది. "అది పక్కన పెట్టి ఇలగొచ్చి ఏరు. మీ యమ్మకి నడుం నొప్పట" అంది.

విసుక్కుంటూ, కోప్పడుతూ, ఆ పూటంతా వంగి ఏరాను. ఆ దూరపు బంధువుల పిల్ల ముఖం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నాయనమ్మ కుదుపుతూనే ఉంది, "ఎనకాల రెండున్నాయే" అంటూనే ఉంది.