ముగ్గు వైపు తిరిగిన ఇల్లు

ఆ రోజుల్లో నా కాళ్లు నేల మీద ఆనేవి కావు. అలాగని మరీ పాత రోజులేం కావు, అబిడ్స్‌లో నాకు మొదటి ఉద్యోగం వచ్చిన రోజులు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మెడలో ఆఫీసు కార్డు స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప తీసేదాన్ని కాదు. (ఆదివారం చర్చికి కూడా వేసుకెళ్లాను. ప్రసంగం మధ్యలో అయ్యగారి చూపు పదేపదే దాని మీదికే పోయింది.) అలాంటి మనిషి ఇల్లు కొంటే మామూలు ఇల్లు కొంటుందా? కంటైనర్ ఇల్లు కొన్నాను! ఓడల్లో సరుకులు మోసే ఇనప డబ్బాకి తలుపు, కిటికీలు, వంటగట్టు, బాత్రూము అన్నీ షెడ్డులోనే బిగించి, లారీ మీద తెచ్చి, క్రేనుతో దించి వెళ్లిపోతారు. పొద్దున ఖాళీ స్థలం, మధ్యాహ్నానికి ఇల్లు! ఈ వార్త ఆఫీసులో చెప్పాను, నాంపల్లి స్టేషన్ ముందు చాయ్ బండి దగ్గర చెప్పాను, మెట్రోలో పక్కన కూర్చున్నావిడకి ఆవిడ అడగకపోయినా చెప్పాను.

విని సంతోషించని మనిషి ఒక్కతే, మా నాయనమ్మ. మిషన్ దవాఖానలో ఆయాగా పనిచేసి నన్ను పెంచింది, చదివించింది ఆమే. నాంపల్లి గల్లీలో మా పాత పెంకుటిల్లు వానలకి వెనక ప్రహరీతో సహా కూలిపోయాక ఇద్దరం కిరాయి గదికి మారాం. మళ్లీ మా స్థలంలోనే ఆమెని కూర్చోబెట్టాలని నా తాపత్రయం. "డబ్బల సరుకు పెడ్తరు గని మనుషులను పెడ్తరా బిడ్డా? కొత్తింటి ప్రార్థనకు వస్త. ఆమెన్ అన్నంక నా రూముకు నేను పోత. నీ డబ్బల నువ్వుండు" అని తేల్చేసింది. ఆమె లేని ఇల్లు నాకెందుకు? ఒక్కసారి లోపలికొచ్చి చూస్తే మనసు మారుతుందని నా ఆశ.

మా స్థలం ఇరుకు. డబ్బాని అడ్డంగా దించితే రెండు పక్కలా ఇళ్ల గోడల మధ్య పిల్లి కూడా దూరదు. అందుకే తలుపు గల్లీ వైపే రావాలని, పాత ఇంటి బండల మీద చాక్‌పీసుతో పెద్ద బాణం గీసి, మొన దగ్గర 'తలుపు' అని రాశాను. నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని ఇంజనీరులా చూసుకున్నాను. (చదివింది బీకాం.)

ఇక్కడ మా వెనకింటి పిన్నిగారి గురించి చెప్పాలి. వాళ్లు కోస్తా వైపు నుంచి తాతల కాలంలోనే వచ్చి స్థిరపడినవాళ్లు. ప్రహరీ ఉన్నన్నాళ్లూ ఆవిడా నాయనమ్మా ఒకరికొకరు చప్పుళ్లే: ఇటు నుంచి కీర్తన, అటు నుంచి కుక్కర్ విజిల్. ఇల్లు దిగే రోజు పొద్దున్నే పిన్నిగారు, అమ్మాయి గృహప్రవేశం కదా అని సంబరపడి, బండలన్నీ శుభ్రంగా కడిగేసి, తన వంటింటి గుమ్మం ముందు మా స్థలం అంచున రంగులతో ఇంత పెద్ద ముగ్గు వేశారు. అప్పుడు నేనక్కడ లేను. కిరాయి గదిలో నాయనమ్మని బతిమాలుతున్నాను. ఆమె కావాలనే కళ్లద్దాలు వెతుక్కుంటోంది.

ఇద్దరం గల్లీలోకి వచ్చేసరికి ఇల్లు దిగిపోయింది. ఎదురుగా నిలువెత్తు రేకు గోడ, దానికో బాత్రూము వెంటిలేటర్. అంతే.

"గిదేంది బిడ్డా? తలుపు లేని ఇల్లు గొన్నవా? డిగ్రీల గిదే చెప్పిన్రా?"

క్రేన్ అన్న గొలుసులు చుడుతున్నాడు. "అన్నా, నా బాణం చూడలేదా?" అని అరిచాను.

"బాణమా? గాడ తడి తప్ప ఏం లేదు మేడం. ముగ్గు యాడుంటే ముంగిలి గాడనే గదా! గంత మంచి ముగ్గుకు ఇంటి ఈపు ఎట్ల పెడ్త?"

"మళ్లా లేపి తిప్పన్నా, జల్దీ!"

"చాదర్‌ఘాట్‌ల ఇంకో పనుంది మేడం. రేపటికెల్లి నుమాయిష్, నెలన్నర ఎగ్జిబిషన్, గీ గల్లీ నిండ బండ్లే. నుమాయిష్ అయినంక తిప్పుదాం, ఫికర్ చెయ్యకున్రి" అంటూ వెళ్లిపోయాడు.

చర్చివాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. అయ్యగారు బైబిల్ చంకలో పెట్టుకుని వెంటిలేటర్‌ని గంభీరంగా పరిశీలిస్తున్నారు. అంతలో డబ్బా అవతలి నుంచి కేక: "అమ్మాయ్! తలుపు ఇటుందీ! మా ఇంట్లోంచి వచ్చేయండి!"

వీధి చుట్టూ తిరిగి, చెప్పులు చేతుల్లో పట్టుకుని, పిన్నిగారి వరండాలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి సంఘమంతా ఊరేగింపుగా నడిచింది. వంటింట్లో నాయనమ్మ ఆగిపోయింది.

"పులిహోరనా అమ్మా?"

"మీ ప్రార్థనకేనండీ, పెద్దమ్మగారూ. ఉప్పు సరిపోయిందేమో కాస్త చూసిపెట్టండి."

నాయనమ్మ నోట్లో వేసుకుంది. "ఉప్పు మంచిగనే ఉంది. కారం ఏది బిడ్డా? దవాఖాన కూడు లెక్కుంది."

నేను నాయనమ్మ కొంగు పట్టుకు లాగాను. పిన్నిగారు మాత్రం పకపకా నవ్వి, పీట వాల్చి, "అయితే ఇంకో పోపు మీరే పెట్టండి" అన్నారు. మా ఇంట్లోంచి అయ్యగారు "అమ్మా, మొదలుపెడదామా?" అని పిలిస్తే, "జర ఆగున్రి అయ్యగారూ, పోపు మాడుతది!" అని జవాబు.

ప్రార్థన అయింది. ఆమెన్ అన్నారు. నాయనమ్మ సంచీ తీసుకుని లేచింది. నా కళ్లల్లో నీళ్లు. నా వంటగట్టు, నా ఫ్యాన్లు, దేనివంకా చూడలేదు. గుమ్మం దాటింది, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వెళ్లి, ఎదురుగా ఉన్న వంటింటి గుమ్మంలో కూలబడింది. "పాపం, ఆమెకు గిన్ని గిన్నెలు పడ్డయి. తోమి, రేపు పొద్దుగాల పోతలే."

నుమాయిష్ నడిచినన్నాళ్లూ ఆ రేపు రోజూ వాయిదా పడింది. మా గ్యాస్ సిలిండర్ పిన్నిగారి హాల్లోంచి దొర్లుకుంటూ వచ్చేది. నేను ఆఫీసుకి వాళ్ల వంటింట్లోంచే వెళ్లేదాన్ని, చేతిలో ఓ ఇడ్లీతో. నుమాయిష్ ముగిశాక క్రేన్ అన్న ఫోన్ చేశాడు. "గల్లీ ఖాళీ అయింది మేడం, తిప్పుదామా?" నాయనమ్మ ఫోన్ లాక్కుంది. "తిప్పినవో, నేను రూముకు పోత! మంచిగనే పెట్టినవు పో."

ఇప్పుడీ కబురంతా ఎందుకంటే, రేపు మా డబ్బా మీదికి ఇంకో డబ్బా వస్తోంది! మేడ! మెట్లు ఎటు దిగాలో గుర్తుపెట్టమని అదే క్రేన్ అన్న చెప్పాడు. చాక్‌పీసు పట్టుకుని వంగేసరికి, మెడలో కార్డుతో, నడుం మీద చేతులతో ఒక పిల్ల గుర్తొచ్చింది. ఎంత ధీమా పాపం దానికి! చాక్‌పీసు జేబులో వేసుకుని కేకేశాను: "పిన్నిగారూ, రేపు ముగ్గెక్కడ వేస్తారు? మెట్లు అక్కడే దింపిస్తా!"

పిన్నిగారి వంటింట్లోంచి నాయనమ్మ గొంతు వినబడింది: "ఆమె ఏస్తదిలే. నువ్వు జర బాణం గీయకు బిడ్డా, చాలు."