ముహర్రక్‌లో నేనూపిన ఉయ్యాల

మేడం మామగారి తాతగారు సముద్రానికి అవతలున్న ఇరాన్ నుంచి పడవెక్కి బహ్రెయిన్‌కి వలస వచ్చినవాడట. అక్కడి ముహర్రక్ ఊళ్ళో ఆయన కట్టుకున్న ఇంటిని బాగుచేసి, పదిమందీ చూడ్డానికి తెరిచారు. తొంభైల్లో ఒక శుక్రవారం మేడం తన కూతుర్నీ, చుట్టాల్నీ వెంటేసుకుని ఆ ఇంటికి బయల్దేరింది. ఖర్జూరాల డబ్బా, టీ ఫ్లాస్కు మోయడానికి నేను. వాళ్ళింట్లో పనిమనిషిని.

నాకు ఆ రోజు ఇళ్ళు చూసే ఓపిక లేదు. కోనసీమలో నా కూతురికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, పురుడు తల్లే పొయ్యాలి, అది మా పద్ధతి. దానికి తండ్రి లేడు. పుట్టిల్లంటే నేనే. నా ఖర్మకొద్దీ మేడం కూతురికీ అవే నెలలు. సెలవడిగితే "నా కూతురి కాన్పయ్యాక వెళ్ళు" అంది. నా పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో ఉంది. ఫోన్లో నా కూతురు, "ఎప్పుడొత్తావే అమ్మా? మా అత్త చేతుల్లో నన్నొదిలేత్తావా?" అని ఒకటే ఏడుపు.

ఇల్లు బాగుంది, కాదనను. సముద్రపు రాతి గోడలు, గాలిని గదుల్లోకి దింపే గోపురం, మధ్యలో పెద్ద మండువా. లోపలి గదిలో ఒక పాత పెట్టె, దాని పక్కన చెక్క ఉయ్యాల. మేడం ఆ గదిలో నిలబడి చుట్టాలకి గొప్పగా చెప్పుకొచ్చింది.

"వలస వచ్చిన కొత్తలో ఆ తాతగారి ఇల్లాలికి ఇక్కడ నా అన్నవాళ్ళు లేరు. కాన్పు దగ్గర పడిందని తెలియగానే తల్లి పడవెక్కి వచ్చేసింది. ఈ గదిలోనే పురుడు పోసింది. తల్లి పక్కన లేకుండా కాన్పేమిటి!"

అరబ్బీ నాకు అప్పటికి బాగానే తెలుసు. అరికాలి మంట నెత్తికెక్కింది. కాకి పిల్ల కాకికి ముద్దు, సరే. నా పిల్ల మాత్రం ఎవరికీ ముద్దు కాదా?

ఫ్లాస్కు కిందపెట్టి ఉయ్యాల మీద చెయ్యి వేశాను. ఊపాను. కిర్రుమంది. మళ్ళీ ఊపాను.

మేడం మురిసిపోయింది. "చూశారా, దీనికి పిల్లలంటే ప్రాణం" అంది. ఆవిడ కూతురు నా దగ్గరకొచ్చి, "మీ ఊళ్ళో కూడా ఉయ్యాలలుంటాయా?" అనడిగింది.

"ఉంటాయి. కానీ ఖాళీ ఉయ్యాల ఎవరూ ఊపరు. ఊపితే బిడ్డకు మంచిది కాదు" అన్నాను, ఊపుతూనే.

బిడ్డకు కడుపునొప్పి వస్తుందంటారు మావాళ్ళు, అంతకుమించి ఏమీ లేదు. ఆ ముక్క నేను చెప్పలేదు.

ఆ పిల్ల చెయ్యి కడుపు మీదికి పోయింది. మేడం పరుగున వచ్చి ఉయ్యాలని రెండు చేతులా పట్టుకుని ఆపేసింది. "యల్లా, బయటికి నడు!" అని అరిచింది. చుట్టాలందరూ చూస్తున్నారు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తిరుగుదారిలో కారులో మేడం కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. "నా కాన్పుకి ఈమె ఇంట్లో ఉండటానికి వీల్లేదు" అంది. మేడం ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఆ వారంలోనే నాకు టిక్కెట్టు తీశారు.

విమానాశ్రయానికి మేడం తనే వచ్చింది. పాస్‌పోర్టు చేతికిచ్చి, నా మణికట్టు వదల్లేదు. "ఆ ఉయ్యాల మాట ఉత్తదే అని చెప్పు. ఒక్కసారి చెప్పి వెళ్ళు" అంది. ఆవిడ గొంతు వణికింది. ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతూ నేను ఎన్ని వారాలు అలా వణికానో ఆవిడకేం తెలుసు? చెయ్యి విడిపించుకుని, బదులు చెప్పకుండా లోపలికి నడిచాను.

నా కూతురి పురుడు నేనే పోశాను. మేడం కూతురూ క్షేమంగానే కని ఉంటుంది. కనాలి కూడా, దానిమీద నాకేం కోపం? ఆ కాన్పు అయ్యేదాకా మేడం కంటికి కునుకు రాకూడదు, అంతే నేను కోరుకున్నది.