మద్దిపట్టెకు వదిలిన సందు

ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది ఎండాకాలం, కర్నూలు–కడప కాలువ మీద ఒక లాకు దగ్గరి పడవల షెడ్డులో మా మామతో పాటు పనికి కుదిరాను. ఆయన వడ్రంగి, నేను సాయం కూలి. పెళ్ళయిన ఏడాదికే ఆయన కొడుకు, నా మొగుడు పోతే, నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. ఇప్పుడు పడవలు నిలిచిపోయాయి, నా పనీ ముగిసింది. ముప్పై నిండకుండానే కూర్చొని పాత సంగతులు చెబుతున్నాను.

ఎండాకాలం కాలువ కట్టేసి మరమ్మతులు చేస్తారు. ఆ ఏడు అధికారులు తిరిగే పాత పడవను గట్టు మీదికి లాగారు. పడవ పక్కల బయటివైపు, ఈ కొస నుంచి ఆ కొస దాకా గాడిలో కూర్చున్న లావుపాటి పట్టె ఉంటుంది. లాకు అంటే పడవను పై మట్టం నుంచి కింది మట్టానికి దించే ఇరుకు రాతి తొట్టి. అందులో గోడ ఒరుసుకున్నప్పుడు దెబ్బ పట్టె తినాలి, పడవ తినకూడదు. పాత పట్టెలు పీచుపీచయ్యాయి. మామ కొత్త మద్దిపట్టెకు చిత్రిక పట్టి, ఒక పక్క గాడిలో వెంట్రుక దూరకుండా దిగ్గొట్టాడు. రెండో పక్క మొదలుపెట్టక ముందే జ్వరం తగిలింది. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడే పోయాడు.

కాలువ పనులు చూసే ఓవర్సీరు మాట ఖచ్చితం. నీళ్ళొచ్చి పడవ లాకు దాటాక కూడా పట్టెలు నిలిస్తే మామ పని నాకిస్తానన్నాడు, లేదంటే వేరే వడ్రంగిని పిలుస్తానన్నాడు. పిలిస్తే నేను మూట కట్టుకొని కోసిగిలో అన్న ఇంటికి పోవాలి. అక్కడ నేను తినే ముద్ద వైపు వదిన చూసే చూపు నాకు తెలుసు.

షెడ్డులో ఒక్కదాన్నే. సుత్తి దెబ్బ ఎండిన కాలువలోకి పోయి లాకు గోడకు తగిలి తిరిగొచ్చేది. అది వినబడగానే "వస్తాండా మామా" అనబోయి ఆగేదాన్ని.

లాకు తలుపులు చూసే లస్కరు ఖాదర్ తాత ఒకరోజు వచ్చి, నేను రెండో పట్టె బిగించబోవడం చూసి నవ్వాడు.

"ఏమ్మే, పడవ చేస్తాండావా, బండి చేస్తాండావా?"

"మా మామ బిగించినట్టే బిగిస్తాండా. ఆయన పని తప్పంటావా తాతా?"

"శానా మంచి పనోడే. అయితే ఆయప్ప జన్మంతా బండ్లే చేసినాడు గదా, నీళ్ళు యాడ చూసినాడు? నీళ్ళు తాగితే చెక్క ఉబ్బుతాది పాపా."

కోపమొచ్చి ఆయనతో మాట్లాడటం మానేశాను. మాట్లాడటానికి ఆయన తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి శిక్ష నాకే పడింది. చివరికి తాత మాట తేల్చుకోవడానికి మామ బిగించిన పట్టె మీదనే తడి గోనెసంచులు కప్పాను. నాలుగైదు దినాలకు పట్టె ఉబ్బి గాడి అంచు చీలింది, మేకుల తలలు పైకి లేచాయి. బండి చక్రంలో ఆకుపుల్ల ఎంత బిగిస్తే అంత మేలు. ఈ చెక్క సంగతి వేరు.

మామ కొట్టిన మేకులు ఒక్కొక్కటే పీకాను. చీలిన అంచు మార్చి, పడవకు రెండు పక్కలా పట్టెలు బిగిస్తూ గాడిలో రూపాయి బిళ్ళ మందం సందు వదిలి, అందులో జనపనార, గుగ్గిలం కూరాను.

నీళ్ళొచ్చాయి. లాకులో పడవ గోడకు గట్టిగా ఒరుసుకుంది. ఓవర్సీరు వంగి రెండు పక్కలా పట్టె తడిమి, రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాడు.

"ఇంగ నీ మూట ఇప్పుకోమ్మే!" అని గట్టు మీది నుంచి తాత అరిచాడు.

నీళ్ళలో బతికే చెక్కను ఎండిన కొలతతో బిగించకూడదని ఆ పనితో తెలిసింది. నేర్పిన మనిషి లేడని ఆయన పొరపాటును అలాగే ఉంచకూడదని కూడా తెలిసింది. ఆ తర్వాత ప్రతి పట్టెనూ ముందు తడిపి, ఉబ్బనిచ్చి, అప్పుడే కొలిచాను.