నలుపు పోయిన దగ్గు

సాయంత్రం నాలుగు దాటితే నా చెవులు ఇప్పటికీ సందు మలుపు దగ్గరికే పోతాయి. మొదటి షిఫ్టు దిగి వచ్చే మా ఆయన అక్కడ స్కూటరు ఆపి రెండుసార్లు దగ్గేవాడు. మొదటిది పొడిదగ్గు. రెండోది లోపలి నుంచి తవ్వి తీసినట్టు ఉండేది. అది వినగానే నేను చాయ్‌కి నీళ్లు పెట్టేదాన్ని. రిటైరయ్యాక కూడా, తోటి కార్మికులతో ముచ్చట్లు ముగించుకుని అదే వేళకు దగ్గుకుంటూ వచ్చేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. నిద్రలోనే గుండె ఆగింది. బాధ పెట్టకుండా తీసుకుపోయినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. చెవులు మాత్రం నా మాట వినవు.

గోదావరిఖనిలో మా సందు ఇళ్లకు మధ్య ఒక్కటే గోడ. ఎవరు దగ్గినా పక్కింటి అవ్వ గోడ అవతల నుంచి అడుగుతుంది: "ఏ దగ్గే?" దానికి రెండే జవాబులు. నల్లదగ్గు, ఉత్తదగ్గు. ఉత్తదగ్గంటే మామూలు జలుబు దగ్గు. నల్లదగ్గంటే బొగ్గుగని దుమ్ముతో వచ్చేది. దానికి మందు బెల్లం ముక్క. షిఫ్టు దిగి బెల్లం తింటే గొంతులోని దుమ్ము దిగిపోతుందని ఇక్కడ అందరి నమ్మకం. నేను బడికి పోలేదు. మా నాన్న, బాపు అనేదాన్ని, ఇంట్లోనే నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించాడు. అయితే మా ఆయన దగ్గి తుడుచుకునే తువ్వాలలోని నలుపును చదవడం నాకు ఎవరూ నేర్పలేదు. ఉతికేటప్పుడు చూసి, ఆ రోజు ఎంత దుమ్ములో పనిచేశాడో చెప్పేసేదాన్ని.

ఆయన సర్వీసులో ఉన్నప్పటి మాట. ఒక వానాకాలం తడిసి వచ్చాడు. మర్నాటికి ఒళ్లు కాలింది, దగ్గు ఎక్కువైంది.

"దవాఖానకు పోదాం పా," అన్నాను.

"డ్యూటీ దగ్గే గిది. బెల్లం ఇయ్యి, రేపటికి సాఫ్ అయితది."

జ్వరం గోళీ వేసుకుని రెండు రోజులు డ్యూటీకి పోయాడు. మూడో రోజు లేవలేకపోయాడు. నల్లా దగ్గర తువ్వాల ఉతకబోతే దాని మీద నలుపు లేదు. పసుపుపచ్చగా, అక్కడక్కడా తుప్పు రంగుతో మరకలు. ఇన్నేళ్ల నా ప్రార్థన విని దేవుడు ఆయన రొమ్మును కడిగేశాడనుకున్నాను. తడి గచ్చు మీదే మోకరించి స్తోత్రం చెప్పుకున్నాను. లోపలికి ఉరికి తువ్వాల చూపించాను.

"చూసినవా, నలుపు పోయింది!"

"మరి గింత ఆయాసం ఎందుకే?"

"ఇన్నేండ్ల దుమ్ము ఒక్కసారే ఊడుతుంటే ఆయాసం రాదా?"

నేను చెప్పానంటే ఆయన నమ్మేవాడు. ఆ రోజు కూడా నమ్మి కళ్లు మూసుకున్నాడు.

నా సంబరం గోడ దాటి అవ్వకు వినిపించింది. ఆమె ఒకప్పుడు దవాఖానలో ఆయమ్మగా పనిచేసింది. వచ్చి తువ్వాల చూసింది, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"పిచ్చిదానా, దుమ్ముకు జ్వరమొస్తదా? పక్కటెముకలు ఎట్ల ఎగురుతున్నయో చూడు. ఊపిరి లెక్కపెట్టు."

గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. ప్రభువు నేర్పిన ప్రార్థన మెల్లగా చెప్పుకుంటూ ముందు నా ఊపిరి లెక్కపెట్టాను. ఆమేన్ అనేసరికి ఎనిమిది. మళ్లీ చెప్పుకుంటూ ఆయనది లెక్కపెట్టాను. పదిహేడు. ఆ ప్రార్థన అంత పొడుగని అంతకుముందు నాకెప్పుడూ అనిపించలేదు.

ఆటోలో నా భుజం మీద తల వాల్చి, "మస్టర్ పోతదే," అని గొణిగాడు. మస్టరంటే హాజరు.

"మస్టర్ పోతే మళ్లొస్తది. నువ్వు పోతే వస్తవారా?" అని అవ్వ కసిరింది.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, కుడివైపు కింద తెల్లటి మబ్బు లాంటి దాన్ని చూపించాడు. ఊపిరితిత్తికి నిమ్ము చేరిందన్నాడు. "బొగ్గు దగ్గు అనుకున్నరా? ఇక్కడ అందరూ అట్లనే అనుకుంటరమ్మా. దగ్గుకు జ్వరం తోడైనా, ఆయాసం వచ్చినా బెల్లం నమ్ముకోవద్దు, వెంటనే రావాలె," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకు ఆ డాక్టరుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఆక్సిజన్ పెట్టి, సూదులు వేశారు. మగవాళ్ల వార్డు బయట బల్ల మీద కూర్చుని, అన్ని దగ్గుల్లో ఆయన దగ్గు ఏదో వెతుక్కునేదాన్ని. ఇంటికొచ్చాక ఎత్తుగా దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను, కిటికీ తెరిచి ఉంచాను, గంటగంటకూ జావో వేడినీళ్లో తాగించాను. జ్వరం తగ్గగానే గోళీలు పక్కన పడేయబోయాడు. చీటీ మీద రాసిన రోజులన్నీ చదివి వినిపించి, చివరి గోళీ దాకా మింగించాను. బాపు నేర్పిన అక్షరాలు ఆ రోజు అక్కరకొచ్చాయి.

నెల దాటాక మళ్లీ డ్యూటీకి పోయాడు. ఆ సాయంత్రం తువ్వాల మీద చిన్న నల్లమరక. అది మంచిది కాదని తెలుసు. అయినా లేచి తిరుగుతున్నాడన్న సంతోషంతో దానికీ స్తోత్రం చెప్పుకున్నాను.

ఈ వానల్లో నాకు దగ్గు, జ్వరం వచ్చాయి. గోడ అవతల నుంచి అవ్వ గొంతు, ముసలిదై సన్నబడిన గొంతు:

"ఏ దగ్గే, బిడ్డా?"

"ఉత్తదగ్గే అవ్వా. జ్వరం గూడ ఉన్నది."

"ఊపిరి?"

ప్రార్థన చెప్పుకుంటూ లెక్కపెట్టాను. తొమ్మిది. అయినా బెల్లం డబ్బా ముట్టకుండా దవాఖానకు పోయాను. నిమ్ము లేదన్నారు, ఆయాసం వస్తే మళ్లీ రమ్మన్నారు. నాలుగు రోజులకు తగ్గింది.

ఈ పొద్దున ఆయన తువ్వాలే ఉతికాను. జ్వరంలో అదే వాడుకున్నాను. దండెం మీద వేసే ముందు అలవాటుగా ఎండకు ఎత్తి పట్టి చూశాను. ఎక్కడా నలుపు లేదు. అంచులు మడిచి చూశాను, కుట్టు సందుల్లో చూశాను. చాలాసేపు వెతికాను.