మన్నళ్ళి మజిలీ

మధ్యాహ్నం కిటికీ తెరిచి కూర్చుంటే మా బీదర్ గాంధీ గంజ్ ధాన్యం బజారు వైపు నుంచి కందిపొట్టు ధూళి గాలికి వచ్చి ముక్కులో దూరింది. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఐరోపా పటం పరుచుకుని ఉంది. జర్మనీలోని ఉల్మ్ ఊరి నుంచి ఆల్ప్స్ కొండలు దాటి, ఇటలీ పొడుగునా దిగి, చివర కారును ఓడ ఎక్కించి సిసిలీ దీవి చేరే దారిని వేలితో చూసుకుంటున్నాను. వేలు కొండల నడుమకు వచ్చేసరికి పెద్దగా తుమ్మాను. లేవబోయిన వాణ్ణల్లా మళ్ళీ కూలబడి, గ్లాసెడు నీళ్ళు తాగి, కాసేపు ఊరికే కూర్చున్నాను. నిజానికి నాకు తుమ్ముల మీద నమ్మకం లేదు. ఈ అలవాటు చేసింది మార్తమ్మగారు. నేను పాతికేళ్ళు పనిచేసిన లారీల ఆఫీసు యజమానురాలు ఆమె. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. అయినా ఎవరైనా ప్రయాణానికి ముందు తుమ్మితే కూర్చోబెట్టేవారు. "ప్రభువు మీద నమ్మకం వేరే, తుమ్ము వేరే. జర సేపు కూసుంటే ప్రభువుకేం నష్టం?" అనేవారు.

నా ప్రయాణం సరదాకు పెట్టుకున్నది కాదు. మా చెల్లెలు సునీత ఉల్మ్‌లో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేసింది. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. పోయిన చలికాలంలో ఆమె ఊపిరితిత్తి ఒకటి గాలి తీసిన బెలూనులా ముడుచుకుపోయింది. బాగయిందనుకుంటే మళ్ళీ అదే అయింది. ఇప్పట్లో విమానం ఎక్కకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆమె కూతురు సిసిలీలో కాపురముంటోంది, ఇప్పుడు నెలలు నిండుతున్న మనిషి. తల్లిని ఇకపై తన దగ్గరే ఉంచుకోవాలని ఆ పిల్ల కోరిక. కాన్పుకు ముందే చేరాలని తల్లి ఆరాటం. అల్లుడు భార్యను ఈ స్థితిలో విడిచి రాలేడు. రైలులో వెళ్దామంటే ఎన్నో చోట్ల బండి మారాలి, దారిలో దమ్ము పట్టేస్తే రైలు మన కోసం ఆగదు. కారైతే ఆక్సిజన్ యంత్రం వెంట ఉంటుంది, అలిసిన చోట ఆపుకోవచ్చు. కొండ దారి నిదానంగా దాటితే ఫరవాలేదని డాక్టరే అన్నాడట. సునీతకు డ్రైవింగ్ రాదు. "అన్నా, నువ్వొస్తవా?" అని ఫోన్‌లో అడిగితే, "ఎందుకు రాను?" అని నోరు జారాను. వీసా వచ్చిన రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోయే రకం. అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి, స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. బీదర్‌లో పుట్టి పెరిగి, హైదరాబాద్ తప్ప ఎక్కడికీ నడపని నేను, యాభై దాటాక ఏ మలుపులో ఏ చెయ్యి ఏం చేస్తుందోనని హడలిపోతున్నాను. ఇంటి ముందు నిలిపిన కారులో ఎడమ సీటులో కూర్చుని, స్టీలు పళ్ళెం ఒకటి పట్టుకుని తిప్పుతూ సాధన చేస్తుంటే మా ఆవిడ చూసింది. "ఆ పళ్ళెం ఇటియ్యి, రొట్టెలు పెట్టాలె. ఇటలీ పోయినంక తిప్పుకుందువు తీ," అంది. ఆమెకు నవ్వులాట. నాకు మాత్రం కళ్ళు మూసుకుంటే సొరంగం కనిపిస్తుంది, దాని నడుమ సునీత ఊపిరాడక నా భుజం పట్టుకున్నట్టు ఉంటుంది. అక్కడ బండి ఆపనిస్తారో లేదో, ఆపితే ఎవరిని పిలవాలో, ఏ భాషలో పిలవాలో. నాకు వచ్చిన తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ కలిపి అరిచినా ఆ కొండల్లో ఒక్కరికీ అర్థం కాదు. ఇంత జరుగుతున్నా సునీత ఫోన్ చేసినప్పుడల్లా నాకే ధైర్యం చెబుతుంది. "నాకేమైతదన్నా, నువ్వు పరేషాన్ గాకు," అంటుంది. ఆమె అలా అన్నకొద్దీ నాకు ఇంకా దిగులు.

ఇలాంటి భయస్థుణ్ణి లారీల ఆఫీసులో పనికి పెట్టుకున్న ధైర్యం మార్తమ్మగారిది. గంజ్ నుంచి కందిపప్పు, శనగపప్పు దూర రాష్ట్రాలకు చేరవేసే లారీలు ఆమెకు ఉండేవి. భర్త పోయినప్పుడు వాటిని అమ్మేయమని బంధువులంతా చెప్పారట. ఆమె అమ్మలేదు. నెత్తిన కొంగు కప్పుకుని, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు ఎగదోసుకుంటూ ఆఫీసులో కూర్చుని బేరసారాలన్నీ తానే నడిపారు. నేను ఉద్యోగం అడగడానికి వెళ్ళిన రోజు ఒకే ఒక ప్రశ్న వేశారు. "లారీ గౌహతి పోయింది. డ్రైవర్ కాడికెళ్ళి ఫోన్ రాక చాన దినాలైంది. ఏం సోంచాయిస్తవ్?" బ్రేకులు పోయి ఉండొచ్చు, వరదకు వంతెన తెగి ఉండొచ్చు, డ్రైవరుకు జ్వరం వచ్చి ఉండొచ్చు, క్లీనరు తప్పిపోయి ఉండొచ్చు అని వరుసగా చెప్పుకుపోయాను. ఇంకా చెప్పేవాణ్ణే, ఆమె చెయ్యెత్తి ఆపారు. "బస్, బస్. నా ఫికర్ గూడ నువ్వే చేసినవ్. రేపట్నుంచి రా." అక్కడున్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను గానీ మర్నాడు పనిలో చేరాను.

ఆ ఆఫీసులో నా భయానికి కూడా ఒక పని దొరికింది. నేను దిగాలుగా కూర్చుంటే మార్తమ్మగారికి వెంటనే తెలిసిపోయేది. "ప్రేమయ్యా, ఉత్తగ కూసుంటే అది నెత్తికెక్కుతది. లే, పోయి ఆ బండికి స్టెప్నీ టైరు ఉన్నదో లేదో చూసిరా," అని తరిమేవారు. చాలాసార్లు స్టెప్నీ ఉండేది. అప్పుడప్పుడు ఉండేది కాదు. లేనినాడు నన్ను పొగిడేవారు కాదు, ఉన్ననాడు వెక్కిరించేవారూ కాదు.

ఆమె లారీలకు ఒక కట్టడి ఉండేది. కలకత్తా గానీ గౌహతి గానీ, ఎంత దూరపు లోడైనా, సాయంత్రం గంజ్‌లో కదిలిన బండి మన్నళ్ళిలో ఆగాలి. మన్నళ్ళి ఎంతో దూరం లేదు, బీదర్ తాలూకాలోనిదే, బండి ఊపందుకునేలోపే వస్తుంది. అక్కడ ఆమె మేనమామ పొలంలో లారీ నిలిపి, వాళ్ళింట్లో జొన్నరొట్టె తిని పడుకుని, తెల్లవారాకే ముందుకు పోవాలి. సరుకు తొందరగా చేరాలని పప్పు వ్యాపారులు మొత్తుకునేవారు. "ఇదేం మజిలీ మార్తమ్మా? పెండ్లికి పోతనని ఇంటి వాకిట్ల పండుకున్నట్టుంది," అని ఒక సేటు ఎత్తిపొడిచాడు. ఆమె చలించలేదు. "మా నాయిన ఎడ్లబండ్లు తోలినోడు సేటూ. మొదటి మజిలీ కాడ మన ఇంటి పొగ కనవడాలె అనేటోడు. ఇప్పుడు ఎడ్లు లేకపాయె గానీ తోలేటోళ్ళు మనుషులే గద," అన్నారు.

మరిచిపోయిన వస్తువుల కోసమే ఈ ఏర్పాటని నేను అనుకునేవాణ్ణి. నిజంగానే ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోయేవారు. టార్పాలిన్, జాకీ, పర్మిట్ కాగితం, ఒకసారి ఏకంగా క్లీనరును. పొద్దున్నే ఎవరో ఒకరు వెనక్కి వచ్చి ఆఫీసు మెట్ల మీద నిలబడేవారు. "ఏం మర్చిపోయినవ్ బిడ్డా?" అని మార్తమ్మగారు అడిగేవారు, చెప్పింది తీసి ఇచ్చేవారు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు.

ఒక వానాకాలం యాదగిరి అన్న లోడుతో సహా లారీని వెనక్కి తెచ్చాడు. అస్సాం దారిని నిద్రలో కూడా చెప్పగల డ్రైవరు అతడు. మెట్ల దగ్గర నిలబడి తువ్వాలును రెండు చేతులతో మెలిపెడుతున్నాడు. "ఏం మర్చిపోయినవ్ యాదగిరీ?" అన్నారు మార్తమ్మగారు. "తాడు, అక్కా," అన్నాడు. అతని వెనకే లారీ కనిపిస్తోంది, దాని పక్కకే చుట్టలు చుట్టి కట్టిన తాళ్ళు కనిపిస్తున్నాయి. నేను నోరు తెరవబోయాను. ఆమె కళ్ళద్దాల మీదుగా నా వైపు ఒక్క చూపు చూశారు. లోపలికి వెళ్ళి కొత్త తాడు తెచ్చి అతని చేతిలో పెట్టారు. "చాయ్ తాగి ఇంటికి పో. ఈ బండి ఇంకొకలు తీస్కపోతరు," అన్నారు. సేటు వచ్చి ఎగిరెగిరి పడ్డాడు, ఆమె అతనికీ చాయ్ తెప్పించారు.

అందరూ వెళ్ళాక, "తాళ్ళు బండికే ఉన్నయి గదమ్మా," అన్నాను. "నాకు కండ్లు లేవా?" అన్నారు. తర్వాత తనే చెప్పారు. "మన్నళ్ళి దాటినంక వాపసొస్తే పారిపోయొచ్చిండు అంటరు. జిందగీ అంత అంటరు. మన్నళ్ళి నుంచే వాపసొస్తే ఏదో మర్చిపోయిండు అంటరు. ఆ ఒక్క సందు లేదనుకో, భయపడ్డోడు గూడ సిగ్గుకు ముందుకే పోతడు. సిగ్గుకు నడిపేటోడు బండి మంచిగ నడుపుతడా?" అతని భయం ఏమిటో అడగకూడదా అన్నాను. "అడిగితే చెప్పాలె గద పాపం. తాడన్నడు, తాడిచ్చిన. అయిపాయె." యాదగిరి అన్న కొన్నాళ్ళు దగ్గరలోని హళ్ళిఖేడ్ నుంచి చెరుకు తోలాడు. ఒకరోజు తనంతట తానే వచ్చి అస్సాం లోడు అడిగి తీసుకుపోయాడు. ఆనాడు అతన్ని భయపెట్టింది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ సందు ఆమెకూ ఒకసారి కావలసి వచ్చింది. గుండె ఆపరేషనుకు హైదరాబాద్ తీసుకుపోవాలి. కారు నేను నడుపుతున్నాను. ముందు మన్నళ్ళికి పోనిమ్మన్నారు. మేనమామ కొడుకు ఇంట్లో మజ్జిగ తాగి, అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. నేను కారు దగ్గర నిలబడి ఆసుపత్రివాళ్ళు రమ్మన్న వేళ మించిపోతోందని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాను. ఆమె మెల్లగా లేచి వచ్చి, "ప్రేమయ్యా, కండ్లద్దాలు మర్చిపోయిన," అన్నారు. అద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి. వాటి వెనక కళ్ళు తడిగా ఉన్నాయి. ఇన్ని లారీలను దేశం మీదికి పంపిన మనిషి అలా భయపడగా చూడడం నాకు అదే మొదలు. తలుపు తీసి ఆమెను కూర్చోబెట్టి, కారును బీదర్ వైపు తిప్పాను. ఆ రోజులన్నీ, ఆలస్యంతో ప్రాణానికే ముప్పొస్తే పాపం నాదేనని నేను అన్నం సరిగ్గా తినలేదు. వారం తిరగక ముందే ఆమె కబురు పెట్టారు. వెళ్ళేసరికి సంచి సర్దుకుని వాకిట్లో కూర్చుని ఉన్నారు. "దొరికినయి. పోదాం పా," అన్నారు. ఈసారి ఎక్కడా ఆపమనలేదు. ఆపరేషను తర్వాత చాలా ఏళ్ళు బతికారు, నన్ను తిట్టారు, నా చేత స్టెప్నీలు చూపించారు. ఆమె పోయాక లారీలూ పోయాయి, ఆఫీసూ మూతపడింది.

ఆ సాయంత్రం సునీతకు దారి వివరం అంతా చదివి వినిపించాను. ఎక్కడ ఆగేది, ఎక్కడ పడుకునేది, ఓడ ఎక్కడ ఎక్కేది. మొదటి మజిలీ పేరు వినగానే ఆమె పకపకా నవ్వింది. "అన్నా, అది మా ఇంటి నుంచి నేను కూరగాయలకు పోయే ఊరు! ఆడ హోటల్ల పండుకునుడేంది, దివానావా?" అంది. అప్పుడు చెప్పాను. మన్నళ్ళి సంగతి, యాదగిరి అన్న తాడు, మార్తమ్మగారి కళ్ళద్దాలు, అన్నీ. వింటున్నంతసేపు ఊఁ కొట్టింది. తర్వాత ఊఁ కొట్టడం కూడా ఆగిపోయింది. లైను తెగిందేమోనని "సునీతా, సునీతా" అని పిలిచాను.

"అన్నా, ఆ మజిలీ తీసెయ్," అంది.

"ఎందుకే?"

"అది ఉంటే నేను వాపసొస్త." ఆమె గొంతు మారిపోయింది. "ఊపిరి అందకపోతే ఎట్లుంటదో నీకు తెల్వదు. కొండల నడుమ అట్లయితే ఎట్ల అని రోజూ అదే రంది. పిల్లకు వస్తనని మాటిచ్చిన. నీకు చెప్తే నువ్వు ఇంకింత భయపడ్తవని చెప్పలే. చాన భయమైతాంది అన్నా."

ఇన్ని నెలల్లో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. నేను ఊహించి పెట్టుకున్న కీడులన్నిటిలో ఇది లేదు. నా చెల్లెలు నాకు ధైర్యం చెబుతూ ఒక్కతే ఇంత భయాన్ని మోస్తోందని నాకు తట్టనే లేదు. "ఆ మజిలీ నేను తియ్య," అన్నాను. "వాపసొస్తే వాపసొద్దాం. నాలుగు దినాలు కూసుని మళ్ళ పోదాం."

"కాన్పుకు అందకపోతే?"

"పుట్టినంక ఎత్తుకుంటవ్. సిగ్గుకు మాత్రం నువ్వు నా కారెక్కొద్దు."

అటు నుంచి దీర్ఘంగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ముక్కు చీదుకుంది. "ఆడ ఏం మర్చిపోయినవ్ అని అడగనీకి ఎవరుంటరు?" అంది.

"నేను లేనా?"

"మరి నువ్వు మర్చిపోతే?"

ఆమె కోసమని పెట్టిన ఆ మజిలీ మీద నేను ఎన్ని రోజులుగా ఎంత ఆశ పెట్టుకున్నానో ఆ ప్రశ్నతోనే నాకు తెలిసింది. నన్ను అడిగే మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అది సునీతకూ అర్థమైనట్టుంది. ఏడుపు నుంచి తేరుకుంటూనే నవ్వింది.

"సరే, నిన్ను నేనడుగుత తీ. గానీ అన్నా, ఇద్దరం ఒక్కసారే మర్చిపోవద్దు."

ఫోను పెట్టేసి ఆ కూరగాయల ఊరి హోటల్లో రెండు గదులు ఖాయం చేశాను. ఆ తర్వాతే సిసిలీ ఓడకు టికెట్టు తీశాను.