గరిక నాటని చెయ్యి

పార్కు అంటే ఏమిటో మా అవ్వకు చెప్పడం మా చిన్నాయన వల్ల కాలేదు. కోవిల్‌పట్టిలో రైలు కదిలిన దగ్గర్నుంచి సాత్తూరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

"తోటమా, తోట."

"ఏం పండుతుంది?"

"ఏమీ పండదు. పూలు పూస్తాయి."

"కోసి సంతకి కొండుపోతారా?"

"కొయ్యకూడదు. సూసేదానికి."

"సూసేదానికా!" అని అవ్వ నా వైపు తిరిగింది. "మీ చిన్నాయన పట్నం పొయ్యి సెడిపొయినాడు బిడ్డా."

అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. చిన్నాయన ఆమె కడగొట్టు కొడుకు. విరుదునగర్‌లో ఒక పత్తి గిడ్డంగిలో గుమస్తా పని దొరికి ఏడాది కాలేదు, అప్పుడే చొక్కా మీద కోటు వేసుకుంటున్నాడు. తన ఊరు మాకు చూపించాలని ఆయనకు ఒకటే సరదా. ఆ ఊరి పేరు మారి చాలా ఏళ్లయినా అవ్వ నోట మాత్రం అది విరుదుపట్టే. పేరు మార్చినవాడు వచ్చి నాతో చెప్పినాడా అనేది.

నాకు అప్పుడు పదకొండేళ్లు. పార్కు చూడాలని నాకూ ఉండేది గానీ, దానికన్నా పెద్ద కోరిక ఒకటి మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఊళ్లో వాన పడి విత్తేరోజు మొదటి పిడికెడు గింజలు అవ్వ చేతివే. మొగుడు పోయిన ఆడది మొదటి విత్తు వెయ్యడమేమిటని నోళ్లు నొక్కుకున్న పాలివాళ్లే, తరవాత తరవాత ఇంటికి వచ్చి, "వదినా, మా చేన్లో కూడా ఒక పిడికెడు వేసి పో" అని పిలుచుకుపోయేవాళ్లు. విత్తనాల చాట పట్టుకుని వెనకాల నడిచే పని నాది. ఈ ఏడు మొదటి పిడికెడు నీ చేత వేయిస్తాను అని అవ్వ నాకు మాట ఇచ్చింది. అది ఆడి నెల, ఆషాఢం. ఇంక రెండు నెలల్లో వాన రావాలి. నేను రోజూ పొద్దున్నే లేచి మబ్బు కోసం చూసేదాన్ని.

స్టేషన్‌లో దిగగానే చిన్నాయన చట్టాలు చెప్పాడు. పూలు ముట్టకూడదు. ఉమ్మకూడదు. గట్టిగా పిలవకూడదు. "మన మాటలు ఇంటికాడ పెట్టుకోండి. ఈడ అంతా అరవంలోనే, అదీ మెల్లిగా. మా గిడ్డంగి ముదలాళి సాయంత్రం పూట పార్కులోనే నడుస్తాడు."

మేమిద్దరం ఎదురు చెప్పలేదు. మావాళ్లందరికీ అది అలవాటే. ఇంట్లో తెలుగే గానీ, గడప దాటితే చాలు నాలుక దానంతటదే అరవానికి తిరుగుతుంది. నా అరవం పట్నంవాళ్ల అరవంలా ఉంటుందని నాకు గర్వం కూడా ఉండేది. ఇప్పుడు ఆ సంగతి రాస్తుంటే ఒళ్లు మండుతోంది గానీ, అప్పుడు ఉండేది.

పార్కుకు ఇనప గేటు, ఎర్రకంకర దారులు, కుండీల్లో క్రోటన్ మొక్కలు, సిమెంటు బెంచీలు. అన్నిటికీ నడుమ పచ్చిక. ఆ ఏడు మా ఊళ్లో బావి ఎండిపోయి, వాగులో చెలమ తవ్వి కొబ్బరిచిప్పతో నీళ్లు తోడుకుంటున్నాం. కడవ నిండాలంటే పూట పట్టేది. ఇక్కడ ఖాకీ నిక్కరు వేసుకున్న కావలివాడు ఒకడు, మూతికి జల్లెడ బిగించిన రేకు డబ్బాతో ఆ గడ్డికి నీళ్లు పోస్తున్నాడు. అవ్వ నిలబడిపోయింది.

"పసరాలు ఎక్కడ కట్టినారు?" అని అడిగింది చిన్నాయనను, అరవంలోనే, మెల్లిగానే.

"పసరాలు లేవుమా."

"మరి ఈ కసువు ఎవురు తినేదానికి?"

చిన్నాయన నెత్తి గోక్కుని, మమ్మల్ని ఆ పచ్చిక మీద కూర్చోబెట్టి గోలీసోడా తెస్తానని వెళ్లాడు.

ఎదుటి బెంచీ మీద నా ఈడు పిల్ల ఒకతె జడకు రిబ్బను కట్టుకుని కూర్చుంది. ఆ రిబ్బను ఎలా ముడి వేశారో చూస్తూ లోకం మరిచిపోయాను. ఎంతసేపు చూశానో తెలియదు. పక్కకు తిరిగేసరికి, అవ్వ గొంతుక్కూర్చుని ఉంది. ఆమె ముందు చాటంత మేర నేల నున్నగా బయటపడింది. ఒళ్లో కొంగు నిండా వేళ్లతో సహా గడ్డి, మట్టి దులిపి, వరసగా పేర్చి ఉంది. చేతులు ఇంకా ఆడుతున్నాయి.

"అవ్వా! ఏం చేస్తుండావు?"

ఆమె తన చేతులకేసి తానే వింతగా చూసుకుంది. కూర్చోగానే కలుపు కనబడింది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అంతే జరిగింది. అప్పుడు ఒక వేరు కంటి దగ్గర పెట్టుకుని చూసి, చట్టాలన్నీ మరిచి మా మాటలో కేక పెట్టింది.

"గరిక బిడ్డా! ఈ పాపిష్టోళ్లు గరికకి నీళ్లు పోస్తుండారు!"

నల్లరేగడిలో సేద్యం చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చెయ్యనివాళ్లకు చెబుతున్నాను. మా నేలలో గరిక పడితే ఆ చేను పోయినట్టే. నాగలికి లొంగదు. తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొక్కవుతుంది. ఎండాకాలం గడ్డపారలతో మోకాటి లోతున పెళ్లలు లేపి, పెళ్ల పెళ్లనూ పగలగొట్టి, వేలితో ఒక్కొక్క వేరూ లాగాలి. మా తాత పోయిన ఏడు నడిమి చేనుకు గరిక పట్టింది. ఆడదానివి, నీ వల్ల కాదు, బీడు వదిలెయ్యి అన్నారు పాలివాళ్లు. అవ్వ మూడు ఎండాకాలాలు తవ్వి ఆ చేను వెనక్కి తెచ్చుకుంది. ఆమె కుడిచేతి బొటనవేలి గోరు ఊడి, వచ్చి, మళ్లీ ఊడి, చివరకు రావడమే మానేసింది. ఆ చోట చింతగింజలా నల్లటి గట్టి చర్మం ఉండేది. ఆమె మొదటి విత్తుకు ఊరు నోరు మూసుకున్నది ఆ వేలు చూసే.

కావలివాడు డబ్బా కింద పెట్టి పరుగెత్తుకొచ్చాడు. అరవంలో అరుపులు మొదలుపెట్టాడు. పొద్దున ఆఫీసరు వచ్చి చూస్తే నా కొలువు పోతుంది, ఏం మనిషివి నువ్వు, కళ్లు లేవా, పీకినదంతా తిరిగి నాటితేగాని గేటు దాటనివ్వను అన్నాడు. అవ్వ అరవం పల్లెటూరి అరవం. అయినా ఏం తక్కువ కాదు.

"పీకింది తప్పే. చెయ్యి పీకేసింది. కావాలంటే ఈ పూటంతా మోటకాడ నీళ్లు తోడిపెడతా, దారులన్నీ చిమ్మి పెడతా. నాటేది మాత్రం లేదు."

"ఎందుకు లేదు?"

"నా పుట్టుకలో గరిక నాటలేదు. నాటను."

జనం చేరారు. చేరకుండా ఎలా ఉంటారు, పార్కులో అంతకన్నా చూడదగింది ఏముంది! గొడుగాయన ఒకాయన ముందుకు వచ్చి, గరిక వినాయకుడికి ప్రీతి అమ్మా, పీకడమే పాపం, నాటితే పుణ్యం కదా అని ధర్మం చెప్పాడు.

"స్వామికి అంత ప్రీతి అయితే మా ఊరికి రమ్మను. గట్ల మీద కావలసినంత ఉండాది. కోసుకుని కాదు, తవ్వుకుని పొమ్మను," అంది అవ్వ.

జనం నవ్వారు. వాళ్లు అవ్వ మాటకు నవ్వారో, అవ్వను చూసి నవ్వారో నాకు తెలియలేదు. రిబ్బను పిల్ల కూడా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే చిన్నాయన రెండు చేతుల్లో రెండు సోడాసీసాలతో వచ్చాడు. సంగతి తెలిసేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అటూ ఇటూ చూసి, ముదలాళి కనబడలేదని కొంచెం ఊపిరి పీల్చుకుని, కావలివాడితో గుసగుసగా ఏదో బతిమాలాడు. వాడూ కాస్త దిగివచ్చాడు. సరే, అంతా నేనే నాటుకుంటాను, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నట్టు ఆమె చేత్తో ఒక్కటంటే ఒక్కటి నాటి పొమ్మను అన్నాడు.

"ఒక్కటేమా," అన్నాడు చిన్నాయన. ఎంత కంగారు పడ్డాడంటే, మా మాటలోనే అన్నాడు. "ఒక్క వేరు మట్టిలో కుక్కు. నీకి ఏం పోతుంది? రైలుకి యాళ్లయిపోతుంది."

"నీకి కూడు పెట్టింది నడిమి చేనురా. ఈ చేత్తో గరిక నాటి, రేపు ఇదే చేత్తో ఎట్ల విత్తేది?"

"ఎవురు సూడొస్తారుమా ఆడ?"

"నా చెయ్యి సూడదా?"

చిన్నాయన సోడాసీసాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జనం చూస్తున్నారు. రిబ్బను పిల్ల వాళ్లమ్మను పిలిచి మమ్మల్ని వేలు పెట్టి చూపిస్తోంది. నాకు ఒకటే కనబడింది. ఒక్క వేరు. ఒక్క వేరుతో అయిపోయేదానికి ఇంత రచ్చ ఎందుకు? నేను వంగి, అవ్వ ఒళ్లోంచి ఒక గరిక వేరు లాక్కుని, నున్నటి నేలలో బొటనవేలితో గుచ్చి, మట్టి ఎగదోసి అదిమాను.

"నాటేశాను," అన్నాను అరవంలో, మంచి పట్నం అరవంలో. "పోదాం."

అవ్వ నన్ను కొట్టలేదు. తిట్టలేదు. నావైపు ఒకసారి చూసి, నేను నాటినదాన్ని పట్టుకుని లాగేసింది. లాగే విసురుకు వేరు పుటుక్కున తెగింది. ఆ తెగిన వేరును కొంగులో వేసుకుని లేచింది. పార్కంతా వినబడేలా, మా ఇంటి మాటలో అంది.

"నీ సెయ్యి పోగొట్టుకుంటివా, బిడ్డా."

అప్పుడు కావలివాడు నోరు విప్పాడు. ఆ నోటి నుంచి వచ్చింది అరవం కాదు.

"అవ్వా, వేరు తెగె. తునక లోపల నిలిచిపొయ్యె."

నేనూ చిన్నాయనా ముఖాలు చూసుకున్నాం. ఇంతసేపూ మేం మా మాటలో అనుకున్నవన్నీ, అవ్వ పాపిష్టోళ్లు అన్నదాంతో సహా, వాడు వింటూనే ఉన్నాడు. అవ్వ మాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఏ ఊరప్పా నీది?"

"కారియాపట్టి పక్కన."

"చేను ఉండాదా?"

"ఉండె. గరిక పట్టె. నాయన ఒకడే తవ్వినాడు, ఆనలేదు. ఇడిసిపెట్టేసి ఈడికి వస్తిమి."

"నీ చేను తినిందానికా నీళ్లు పోస్తుండావు?"

"జీతం అవ్వా."

ఆ మాట అంటూ వాడు తల వంచుకోలేదు. ఆమె కళ్లలోకే చూస్తూ అన్నాడు. అవ్వ కూడా అయ్యో పాపం అనలేదు. జాలి పడితే వాడి పరువు తీసినట్టని ఆమెకు తెలుసు. వాడు గొంతుక్కూర్చుని, నేను గుచ్చినచోట రెండు వేళ్లు దించి మట్టిని కెలికాడు. అంగుళం తునక ఒకటి బయటికి తీసి, గోటితో మట్టి గీకి, కింది కొస తెగకుండా వచ్చిందా అని వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. చూసి అవ్వ కొంగులో వేశాడు. తరవాత లేచి నిక్కరు దులుపుకుని, జనానికి వినబడేలా అరవంలో గట్టిగా గద్దించాడు. "పోండి, పోండి! ఇంకోసారి ఇటు వచ్చారంటే చూడండి!"

గొడుగాయన తృప్తిగా తలాడించాడు. న్యాయం జరిగిందని ఆయన అనుకుని ఉంటాడు. అనుకోనీ.

రైల్లో అవ్వ కొంగు మూట విప్పలేదు. కిటికీలోంచి పారేయమని చిన్నాయన స్టేషన్‌లోనే చెప్పాడు. ఎవరి చేన్లోనైనా పడితే వాళ్ల కొంప మునుగుతుందని ఆమె వినలేదు. కోవిల్‌పట్టిలో దిగి, చీకట్లోనే బండి తోలించుకుని, ఇంటికి పోకముందే ఊరిబయటి బండరాయి దగ్గర ఆపించింది. గరిక వేళ్లన్నీ రాతి మీద పరిచి, ఆ అంగుళం తునక నా చేతిలో పెట్టింది.

"ఇది నీది. ఎండి పొడి అయ్యేదాకా నువ్వే సూసుకో."

నేను మూడు రోజులు ఎండలో దాని దగ్గరికి తిరిగాను. నలిపితే పొడి అయింది. ఆ సంగతి చెబితే అవ్వ ఊఁ అంది, అంతే.

ఆ ఏడు వాన బాగానే పడింది. విత్తేరోజు నేను తలంటుకుని, ఉతికిన పావడా కట్టుకుని, చాట పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. అవ్వ నా చేతిలోంచి చాట తీసుకుని ఒక్కతే చేన్లోకి దిగింది. నన్ను రమ్మనలేదు. గట్టు మీద నిలబడి ఆమె మొదటి పిడికెడు వెయ్యడం చూశాను. ఏడవలేదు. ఏడిస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టు అవుతుందని పళ్లు బిగించాను. తప్పు నాదేనని నాకు తెలుసు.

ఎండాకాలం వచ్చింది. నడిమి చేను గట్టు మీద గరిక మళ్లీ తల ఎత్తింది. అవ్వ గడ్డపార తీసుకుని వెళ్తే వెనకాలే వెళ్లాను. ఎవరూ పిలవలేదు. ఎండకు చెడిపోతావు, ఛాయ తగ్గుతుంది, రేపు ఎవడు చేసుకుంటాడు అని అమ్మ కేకలేసింది. వినలేదు. ఆమె పెళ్ల లేపేది, నేను పగలగొట్టి ఏరేదాన్ని. పదిహేను రోజులకు కుడి బొటనవేలి గోరు సగానికి చీలి, నెత్తురు కారి, చివరకు ఊడింది. అవ్వకు చూపించలేదు. గుడ్డపీలిక చుట్టుకుని మరునాడూ వెళ్లాను.

పీలిక ఆమే విప్పింది. వేలు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ ఏడు చాట నేను పట్టుకుంటా," అంది.

ఆ ఏడు మొదటి పిడికెడు నాది. అప్పటి నుంచి ఎన్ని విత్తులు వేశానో, ఎవరెవరు నోళ్లు నొక్కుకున్నారో చెప్పను, నొక్కుకున్నవాళ్లు మళ్లీ పిలవడానికి వచ్చారు. ఆ తరవాత నేను విరుదునగర్ వెళ్లినప్పుడల్లా ఆ పార్కులో కూర్చునేదాన్ని, సిమెంటు బెంచీ మీదే, మా మాటలోనే గట్టిగా మాట్లాడుతూ. నా గోరు వంకరగా వచ్చింది. ఇప్పటికీ వంకరే. ఉండనీ.