డ్రయ్యర్ నీళ్లే పిండుతుంది

నాచారంలో మేం అద్దెకుంటున్న ఇంట్లో ఒక రూలుంది. ఆడవాళ్ల లోపలి బట్టలు మిద్దె మీద ఆరేయకూడదు. చీరలు, నైటీలు, దుప్పట్లు, ఆఖరికి మగవాళ్ల బనీన్లు, డ్రాయర్లు కూడా నిక్షేపంగా ఆరేసుకోవచ్చు. మావి మాత్రం వద్దు. ఎదురుగా ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ల హాస్టలుంది కాబట్టి.

"నలుగురు సూస్తే ఏమనుకుంటరు బిడ్డా? మర్యాదగల్ల ఇల్లు ఇది," అంది మా ఓనరమ్మ, మేం దిగిన మొదటి రోజే. ఆవిడను పెద్దమ్మా అని పిలుస్తాను.

సరేనన్నాను. నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీకి ఇక్కడి నుంచి నడిచిపోవచ్చు. మా అమ్మాయి బడి రెండు వీధుల అవతలే. ఇంత కుదిరిన ఇల్లు బట్టల కోసం వదులుకుంటామా? మా లోపలి బట్టలన్నీ బాత్‌రూమ్ తలుపు వెనక తాడు మీద ఆరేవి. ఆరేవి అనడం నా మర్యాద. వానాకాలంలో మూడు రోజులైనా తడి తడిగానే, ముక్కిన వాసనతో వేలాడుతుండేవి.

పోయిన వానాకాలం మా అమ్మాయికి తొడల మీద దద్దుర్లు లేచాయి. సిగ్గుపడి వారం రోజులు నాకు చెప్పలేదు. బడిలో బెంచీ మీద కూర్చోలేక గోడకు ఆనుకుని, నిలబడే నోట్సు రాసుకుందట. పదో తరగతి పిల్ల. దవాఖానాలో డాక్టరమ్మ చూసి, "తడి బట్టలు తొడుక్కుంటున్నదా? ఎండల ఆరేయండమ్మా, లేకుంటే మళ్లీ మళ్లీ వస్తది," అని మందు రాసిచ్చింది.

పెద్దమ్మను ఎండ అడగడానికి నాకు నోరు రాలేదు. దానికి బదులు ఉప్పల్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపుకెళ్లి డ్రయ్యర్ కొనుక్కొచ్చాను. అది బట్టలు ఉతకదు, నీళ్లు పిండడమొక్కటే దాని పని. నడుమెత్తు డబ్బా, లోపల చిల్లుల గిన్నె, కింద నీళ్లు పోయే పైపు, అంతే.

మొదటి రోజు తడి దుప్పటి ఒక్కటే ఉండ చుట్టి, ఒక పక్కన కుక్కి, మీట తిప్పాను. అది దడదడా ఊగుతూ, నడుచుకుంటూ వచ్చి తలుపును గుద్దింది. దాన్ని రెండు చేతులా వాటేసుకుని "ఓయమ్మో!" అని కేకపెట్టాను. పెద్దమ్మ పై అంతస్తు నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఏందే అది? ఇల్లు కూలగొడ్తవా ఏంది!" మా అమ్మాయి ప్లగ్గు పీకేసి, నవ్వు ఆపుకోలేక నేల మీద చతికిలబడింది. అప్పటికి మందు కాస్త పనిచేసినట్టుంది. పిల్ల హాయిగా కూర్చుని నవ్వడం ఎన్నాళ్లకో చూశాను.

తర్వాత దాని మర్మం తెలిసింది. బట్టల్ని గిన్నె చుట్టూరా సమంగా సర్ది మధ్యలో ఖాళీ వదలాలి. డబ్బా కింద మడతపెట్టిన గోనెసంచి వేయాలి. అప్పుడు ఐదు నిమిషాల్లో నీళ్లన్నీ పైపులోంచి కారిపోయి, బట్టలు చెరుకు పిప్పిలా బయటికొస్తాయి.

పెద్దమ్మ కూడా చూసి మెచ్చుకుంది. "అబ్బ, మస్తున్నది గద!" అంది. మర్నాడు మిద్దె తలుపుకు తాళం పడింది. అడిగితే, "మెషిన్ ఉన్నది గద బిడ్డా, అన్నీ ఇంట్లనే ఆరేసుకోండ్రి. నా వడియాలకు జాగ సాలుతలేదు," అంది.

నాకు కడుపు మండిపోయింది. నోరు మూసుకుని తెచ్చుకున్న మెషిన్‌నే వంకగా చూపించి, ఉన్న కాస్త ఎండ కూడా లాక్కుందే! డ్రయ్యర్ నీళ్లే పిండుతుంది, ఎండ కాయదు. ఇప్పుడు పిల్ల స్కూలు ప్యాంటు కూడా ఆ చీకటి బాత్‌రూమ్‌లోనే ఆరాలి. పదిహేను రోజులకు దద్దుర్లు మళ్లీ వచ్చాయి. పిల్ల మళ్లీ నిలబడి రాయడం మొదలుపెట్టింది.

వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం పొద్దున, డ్రయ్యర్‌లోంచి తీసిన బట్టల్ని బకెట్‌లో వేసుకుని వీధి గేటు దగ్గరికి వెళ్లాను. మిద్దె కాక మా ఇంట్లో ఎండ పడే చోటు అదొక్కటే. గేటు మీద వరసగా ఆరేశాను. నావీ, పిల్లవీ, బ్రాలూ డ్రాయర్లూ అన్నీ. చూసేవాళ్లు చూడనీ అనుకున్నాను.

హాస్టల్ కుర్రాళ్లిద్దరు అటు చూసి, తల దించుకుని టిఫిన్‌కి పోయారు. ఆకాశమేమీ విరిగి పడలేదు. పెద్దమ్మే వచ్చి మీద పడింది.

"అయ్యయ్యో! గేటు మీద గివేంది? నా ఇజ్జత్ తీస్తున్నవ్ గద!"

"ఎండ ఈడనే పడ్తున్నది పెద్దమ్మా."

"ముందు తీయ్ అవి. లేకుంటే ఇల్లు ఖాళీ చేయి."

"చేస్త. ఇంకో ఇల్లు దొరికేదాంక రోజూ ఈడనే ఆరేస్త. నా బిడ్డ బడిల కూసోలేకపోతున్నది. మీ వడియాలకు ఎండ గావాలె, నా బిడ్డ బట్టలకు వద్దా?"

ఆవిడ నా మొహం చూసింది, వీధి వైపు చూసింది. గొణుక్కుంటూ లోపలికి పోయి, మిద్దె తాళంచెవి తెచ్చి నా బకెట్‌లో పడేసింది. ఒక్క మంచి మాట అనలేదు. నాకూ అక్కర్లేకపోయింది.

బట్టలన్నీ ఏరుకుని నేనూ, మా అమ్మాయీ మిద్దె ఎక్కాం. ఎండ చురుక్కుమంటోంది. మా అమ్మాయి తన బట్టలు తనే దండెం మీద వేసి క్లిప్పులు పెట్టింది. నేనేం చేశానో తెలుసా? భుజం మీది తువ్వాలు తీసి వాటి మీద కప్పాను. చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన పని అది, కప్పేదాకా ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు.

పిల్ల తువ్వాలు లాగి నా చేతికిచ్చింది.

"ఇప్పుడే గద మమ్మీ, ఎండ కోసం గంత కొట్లాడినవ్. మళ్ల నువ్వే కప్పుతవేంది?"

తువ్వాలును పక్క దండెం మీద, దూరంగా ఆరేశాను.